పాట మధ్యలో ఆగని పెట్టె

బొబ్బిలిలో మా బాప్టిస్టు చర్చి సంఘంవాళ్ళు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. "ఒక లాప్‌టాప్ కొండానికి నాలుగు రోజులు తిరగాలేటి టీచరమ్మా? ఫోన్‌లో నొక్కితే ఇంటికే వస్తాది కదా!" ఒక్క ముక్కలో జవాబు చెప్పలేక, ఆ కొండ ఎప్పుడూ ఎక్కనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

సీతంపేట పైన, రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి రెండు గంటలు నడిస్తే ఒక సవర పల్లె వస్తుంది. ముప్పై గడపలు, రేకుల కప్పుతో ఒక ప్రార్థన మందిరం ఉంటాయి. అక్కడి పెద్ద ఇసాకు తాత. చదువు రాదు. కాని సవర భాషలో నలభైకి పైగా కీర్తనలు కట్టాడు. అవి ఏ కాగితం మీదా లేవు, ఆయన గొంతులోనే ఉన్నాయి. ఆ గొంతులో గడ్డ లేచింది. విశాఖలో ఆపరేషన్‌కి సోమవారం రమ్మన్నారు. ప్రాణానికి భయం లేదు గాని, మాట తిరిగి వస్తుందో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు.

వానాకాలంలో నేను ఒకసారి వెళ్ళి ఆ పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాను. పదకొండు పాటలు అయ్యాయి. పన్నెండోది పాడుతుండగా నా లాప్‌టాప్ తనంతట తాను ఆగి, ఏదో కొత్తది ఎక్కించుకుంటున్నాను, ఆగమంది. నేను చెయ్యెత్తి తాతని ఆపాను. ఆయన ఆగిపోయి చాప మీద కూర్చుండిపోయాడు. గంటన్నర గడిచినా అది మేలుకోలేదు. కొండ దిగేటప్పుడు గెడ్డ, అంటే వాగు, దాటుతుంటే కాలు జారి, లాప్‌టాప్ సంచీతో సహా నీళ్ళలో పడింది. పదకొండు పాటలూ పోయాయి. ఇంకొక చోట దాచి ఉంచాలన్న తెలివి నాకు లేకపోయింది. ఆ సంగతి దేవుని ముందు ఒప్పుకున్నాను గాని, తాత ముందు ఒప్పుకునే ధైర్యం చాలలేదు. తర్వాత ఫోన్ చేసి మళ్ళీ వస్తానంటే, "తాత పాడనంటన్నాడు" అని మాత్రం అన్నది ఆయన కూతురు లేయమ్మ. ఒంట్లో బాగోలేక అనుకున్నాను.

అందుకని ఈసారి కొనే యంత్రానికి కొన్ని గుణాలు ఉండాలనుకున్నాను. పడినా తడిసినా బతకాలి. ఎండలో తెర కనబడాలి. బ్యాటరీ ఊడదీసి ఇంకొకటి పెట్టుకునేలా ఉండాలి, ఎందుకంటే అక్కడ కరెంటు దయ కలిగినప్పుడే వస్తుంది. నా మోకాళ్ళు మోయగలిగేంత బరువే ఉండాలి. అన్నిటికీ మించి, యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌గా లినక్స్ ఎక్కాలి. మా బడి కంప్యూటర్ గదిలో పాత యంత్రాలన్నీ దాని మీదే నడిచేవి. అది నేను చెప్పినప్పుడే మారుతుంది, చెప్పకపోతే ఊరుకుంటుంది. దాని లోపలి రాత ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. సవర మాటలకు తగ్గట్టు కీబోర్డులో అక్షరాలు నేనే అమర్చుకోవచ్చు.

బుధవారం పొద్దున ప్రార్థన చేసుకుని, లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి పర్సులో వేసుకుని విజయనగరం రైలెక్కాను.

విజయనగరం: ఎవరి తాళమో

గంటస్తంభం దగ్గర ఒక సందులో వాడిన లాప్‌టాప్‌లు అమ్మే కొట్టు. కొట్టాయన ఒక నల్లటి మందపాటి యంత్రం బల్ల మీద పెట్టాడు.

"కంపెనీలో వాడిన ముక్క మేడమ్. మేడ మీంచి పడేసినా ఏటీ అవదు."

"పడేసి చూపిస్తారా?"

"అలగంటారేటి మేడమ్, పొద్దున్నే బోణీ బేరం!"

చేతికి ఎత్తితే బాగుంది. మూత బిగువుగా ఉంది, మీటలు గట్టిగా ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పెట్టి మళ్ళీ ఆన్ చేశాను. తెర నల్లబడి పాస్‌వర్డ్ అడిగింది.

"అది పాత కంపెనీవోళ్ళు పెట్టుకున్నది. మాకు తెల్దండి. లోపల సాఫ్ట్‌వేర్ ఉన్నాది కదా, దానితో నడిపించీండి."

"నాకు లినక్స్ కావాలి బాబూ."

"అది ఫ్రీదే కదా మేడమ్? ఫ్రీదానికింత గట్టి మిషినెందుకు?"

ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగాడు. నాకే మనసు చివుక్కుమంది. దేవుని రక్షణ కూడా వెల లేకుండానే దొరికిందని నమ్మినదాన్ని నేను. వెల లేనిదానికి విలువ లేదనే మాట నా ముందు ఎవరన్నా ఊరుకోలేను. కాని అక్కడ సాక్ష్యం చెప్పడం మొదలుపెడితే ఆయన బోణీ నిజంగానే పాడవుతుంది. ముఖం తెలియని ఎవరి దగ్గరో తాళం ఉన్న పెట్టెలో తాత గొంతు పెట్టలేనని మాత్రం చెప్పి, దండం పెట్టి వచ్చేశాను. ఎదురు హోటల్లో ముప్పై రూపాయలకు నాలుగు ఇడ్లీలు తిన్నాను. చట్నీలో మా బొబ్బిలి కంటే కారం ఎక్కువ, సాంబారు అడిగితే "అయిపోనాది" అన్నారు.

పొందూరు: చేప దవడ

శ్రీకాకుళం వెళ్ళే దారిలో పొందూరులో దిగాను. అక్కడ మా సంఘం నుంచి పెళ్ళయి వెళ్ళిన ఒక సహోదరి ఉంది, రాత్రికి వాళ్ళింట్లో బస. వాళ్ళ అరుగు పక్కనే ఒక ముసలమ్మ పత్తి శుభ్రం చేస్తూ కనబడింది. చేతిలో దువ్వెనలాంటిది ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అది చేప దవడ, సన్నని పళ్ళ వరస.

"వాలుగ సేప దవడమ్మా. ఇనప దువ్వెన పెడితే పోగు తెగిపోద్ది. దీనికి పోగంటే దయ."

దయ అన్న మాటకి నేను ఆగిపోయాను. ఎంత దూరం వెళ్తున్నావని అడిగితే సంగతి చెప్పాను. ఆమె పత్తి దులుపుతూనే విన్నది.

"ఆ మిషిను పాడైతే నువ్వు ఇప్పగలవా?"

"ఇప్పగలిగినదే వెతుకుతున్నానమ్మా."

"మరదే. నా రాట్నం పాడైతే నానే ఇప్పుతాను, నానే బిగిస్తాను. ఇప్పనియ్యని వస్తువు నీదెలాగవుతాది? అద్దెకున్నట్టే."

మా బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ళు ఒకే పనస దుంగను తొలిచి, ఎక్కడ ఏ మెట్టు కదిలినా వాళ్ళే సరిచేస్తారు. చిన్నప్పటి నుంచి ఆ వీధిలో తిరిగినదాన్ని, నాకు ఈ మాట ఒక ముసలమ్మ చెప్పేదాకా తట్టలేదు. ఆమె ఇచ్చిన చోడి, అంటే రాగి, అంబలి తాగాను. పచ్చి ఉల్లిపాయ నంచుకుంటే ఘాటు ముక్కుకెక్కి కళ్ళ నీళ్ళు వచ్చాయి. "ఏడవకమ్మా, దొరుకుతాదిలే" అని ఆమె నవ్వింది.

శ్రీకాకుళం: చెవిటి యంత్రం

గురువారం పొద్దున శ్రీకాకుళంలో నాకు శోధన ఎదురైంది. పెద్ద కొట్టు, కొత్త యంత్రం. కిలో బరువు కూడా లేదు. పలక ఎత్తినట్టు ఒంటి చేత్తో ఎత్తాను. ఆ కొండదారి, నా మోకాళ్ళు, ఈ బరువు, మూడూ ఒకేసారి గుర్తొచ్చాయి. పెన్‌డ్రైవ్ పెడితే లినక్స్ చక్కగా లేచింది. సంతోషంతో మైకు పరీక్షించాను. మౌనం. నేను మాట్లాడాను, దగ్గాను, చివరికి ఒక పల్లవి పాడాను. తెర మీద గీత కదలలేదు. ఆ మైకును లినక్స్ గుర్తుపట్టడం లేదు.

కొట్టులో ఉన్న మెకానిక్ వచ్చి చూశాడు. "కొత్త మోడలండి. ఒక్కొక్కదానికి ఇలగే ఉంటాది. కొన్నాళ్ళకి పనిచేస్తాదేమో."

"కొన్నాళ్ళు లేవు బాబూ. సోమవారం దాకానే."

"బయట మైకు పెట్టుకోండి. అయితే ఇది తడిస్తే మాత్రం ఇంకంతే. ఇప్పడానికీ లేదు, బ్యాటరీ అంటించీసి ఉంటాది."

అయినా వదల్లేకపోయాను. బస్టాండు బెంచీ మీద కూర్చుని ప్రార్థించాను. నిజం చెప్పాలంటే దారి చూపమని అడగలేదు, ఆ తేలికదాన్నే కొనడానికి అనుమతి అడిగాను. అలాంటి ప్రార్థన ఎలాంటిదో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, నాకు తెలియదా! లేచి కొట్టుకు తిరిగి వెళ్ళి, గట్టిది ఇంకెక్కడైనా దొరుకుతుందా అని ఆ మెకానిక్‌నే అడిగాను.

"భావనపాడులో ఎర్రయ్యని ఒకడున్నాడండి. పడవలకి జీపీఎస్‌లు, చేపల్ని చూపించే మిషిన్లూ బాగుచేస్తాడు. మీలాగే లినక్సు పిచ్చోడు" అని నంబరు రాసిచ్చాడు.

భావనపాడు: ముంచేసేవాళ్ళు

నౌపడ ఉప్పు మళ్ళ దగ్గర ఆటో ఆగిపోయింది. నెట్టడానికి దిగితే చెప్పు ఉప్పు బురదలో దిగబడి తెగింది. తెల్లటి ఉప్పు కుప్పల మధ్య ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా చాలా దూరం నడిచాను. సముద్రపు గాలి తగిలేసరికి మధ్యాహ్నం దాటింది.

ఎర్రయ్య వయసు నలభై లోపే ఉంటుంది. ఇంటి ముందు తాటాకుల పందిరే అతని కార్ఖానా. వలల పక్కనే వైర్లు, టంకం సామాను, ఒక మూల గంగమ్మ పటం. నేను చెప్పిందంతా విని, లోపలి నుంచి ఒక యంత్రం తెచ్చాడు. మూలలకు రబ్బరు తొడుగులు, పైన పట్టుకోడానికి పిడి, ప్రతి రంధ్రానికీ బిగువైన మూత.

"సర్వే పనికొచ్చినోళ్ళు ఎలిపోతూ అమ్మీసినారు. మూడేళ్ళు నాతో పాటు సముద్రం మీద తిరిగినాది. లినక్సే ఉన్నాది. వేట మద్దిలో అప్‌డేట్ అంటాదేమోనని దీంట్లో ఇంకేటీ ఎక్కించలేదు."

రెండు బ్యాటరీలు, రెండూ ఊడేవే. మైకు పరీక్షించాను. గీత లేచింది, నా వెనక సముద్రపు హోరు కూడా వినిపించింది. ఎండలోకి తీసుకెళ్ళాను, అక్షరాలు కనిపించాయి. సంచీలో వేసి భుజానికి తగిలించుకున్నాను. రెండున్నర కిలోలకు పైనే. మోకాలు అక్కడే జవాబు చెప్పింది.

"నీకింక అక్కర్లేదా?" అని అడిగాను.

"చిన్నది ఇంకోటి దొరికినాది. దీన్ని ఎవులికైనా ఇవ్వాలనే ఉన్నాది గాని, ఇంట్లో కూచుని సినిమాలు సూసేటోళ్ళకి ఇవ్వబుద్ది కాలేదు." మూత తుడుస్తూ, "మా అయ్య వల లాగేటప్పుడు పాడేటోడు. ఎన్ని పాటలో! ఒక్కటీ దాసుకోలేదు. ఈ మిషిను పక్కనే ఉన్నాది అప్పుడు" అన్నాడు.

 సంచీ దించి, ధర ఎంతని అడిగాను.

అతను మొదట చెప్పిన ధర పద్దెనిమిది వేలు. నేనూ అదే సరే అన్నాను, బేరమాడాలనిపించలేదు. యంత్రం మూత తెరిచి ఉంచి నాకు అందించబోతున్నాడు. అంతలో అతని తల్లి పోలమ్మ చెంబు పట్టుకుని వచ్చింది. సముద్రానికి వెళ్ళొచ్చిన వస్తువు పరాయి చేతికి పోయే ముందు పసుపునీళ్ళు చల్లి పంపడం ఆ ఇంటి ఆనవాయితీ. చల్లడానికే వచ్చింది పాపం. చూపు ఆనక, చెంబెడు నీళ్ళూ కీబోర్డు మీద కుమ్మరించింది.

"ఓలమ్మో! లాప్‌టాప్పే అది!" అని అరిచాడు ఎర్రయ్య.

"అయితే ఏటిరా? మూడేళ్ళు కెరటాలు తిన్నాదని కోతలు కోసినావు కదా. నా సెంబుడు నీళ్ళకి సచ్చిపోద్దేటి?"

పసుపునీళ్ళు మీటల మీంచి కారుతున్నాయి. తెర వెలుగుతూనే ఉంది. ఎర్రయ్య యంత్రాన్ని బోర్లించి, దులిపి, మీటలన్నీ నొక్కి చూసి ఊపిరి పీల్చుకున్నాడు. నా వైపు తిరిగి అన్నాడు: "టీచరమ్మా, మీరు బాప్టిస్టులు కదా? బాప్తిస్మానికి సిలకరించేటోళ్ళు కాదు, ముంచీసేటోళ్ళు. మా యమ్మ ముంచీసినాది. ఇంక ఇది మీ సంఘంలో సేరిపోయినట్టే."

నాలుగు రోజుల్లో నేను మనసారా నవ్వింది అప్పుడే.

ఆ తర్వాత నవ్వు తగ్గి, ఆలోచన పట్టుకుంది. గంగమ్మ పేర చల్లిన నీళ్ళు. ప్రసాదం చేతికిస్తే వద్దని సున్నితంగా తప్పుకునే ఇంట్లో పెరిగాను. ఈ యంత్రాన్ని మందిరంలోకి ఎలా తీసుకెళ్ళాలి? పోలమ్మ అప్పటికే నన్ను చాప మీద కూర్చోబెట్టి, చందువ చేప పులుసు, వేడి అన్నం పెట్టింది. తెగిన నా చెప్పుకి వల దారంతో కుట్లు వేస్తోంది. "మిషిను జాగర్తగా సూసుకో తల్లీ. మావోడికి అన్నం పెట్టినాది అది" అన్నది. అంతే. ఆమె దాన్ని ఏ దేవతకీ అర్పించలేదు, సాగనంపింది. అలా అనుకుని నా మనస్సాక్షిని అడిగాను. అది అడ్డు చెప్పలేదు. మీటల సందుల్లో పసుపు గీత ఇప్పటికీ ఉంది. నేను తుడవలేదు.

కొండదారి

ఆ రాత్రి టెక్కలిలో ఉండి శుక్రవారం సీతంపేట చేరాను. సంతలో అనాసపళ్ళు గుట్టలు పోశారు. మా ఊళ్ళో అరవై పలికే పండు ఇక్కడ ఇరవైకే ఇచ్చారు. రెండు తీసుకుందామనుకుని, వీపు మీది బరువు గుర్తొచ్చి ఒకటే కొన్నాను.

శనివారం తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టాను. తేలికదాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నానో! బైబిల్లో దేవుని ఆజ్ఞల పెట్టెను, మందసాన్ని, మోసినవాళ్ళ భుజాలు ఎంత నొచ్చాయో ఏ పాఠంలోనూ చెప్పలేదు నేను. పోయినసారి కాలు జారిన గెడ్డ దగ్గర ఆగి, సంచీ నెత్తిన పెట్టుకుని దాటాను. పోలమ్మ కుట్టిన చెప్పు ఊడలేదు.

లేయమ్మ ఎదురొచ్చి సంచీ అందుకున్నది. ఇసాకు తాత అరుగు మీద ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. మెడ పక్కన వాపు కనబడుతోంది. యంత్రం తెరిచి చూపించాను. పసుపు చూసి, "దీనికి పెళ్ళైపోనాదేటి?" అన్నాడు. గొంతు జీరగా ఉంది గాని ఉంది. నా ప్రాణం లేచొచ్చింది.

"పాడతావా తాతా?"

తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయాడు.

"వానాకాలం నుంచి అంతే. పాట ఎత్తడు" అన్నది లేయమ్మ.

"నొప్పా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "నొప్పి కాదు టీచరమ్మా. నువ్వు సెయ్యెత్తినావు కదా."

నాకు అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది. వాళ్ళ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా కొత్త పాట పాడుతుంటే, అందులో దేవునికి తగని మాట ఉందని తెలిసినవాళ్ళు ఒక చెయ్యి ఎత్తుతారు. పాడేవాళ్ళు అక్కడే ఆపి కూర్చోవాలి. చెయ్యెత్తినవాళ్ళే వచ్చి ఆ చెయ్యి దింపేదాకా ఆ మనిషి మళ్ళీ పాట పాడకూడదు. రెండు చేతులూ ఎత్తితే మాత్రం తప్పు కాదు, దేవునికి స్తోత్రం.

"కిందనుంచి వచ్చిన సదువుకున్న టీచరమ్మ సెయ్యెత్తినాది, నా పాటలో ఏటో తప్పున్నాదని, ఇన్నేళ్ళూ తప్పే పాడినానేమోనని ఏడిసినాడు."

మా బొబ్బిలిలో చెయ్యెత్తడానికి ఏ అర్థమూ లేదు. ప్రార్థన మనవి ఉంటే ఎత్తుతాం, ఫ్యాను వెయ్యమనీ ఎత్తుతాం. నేను విజయనగరం నుంచి భావనపాడు దాకా గట్టి యంత్రం కోసం తిరిగాను. తాతని ఆపింది యంత్రం కాదు. మందసం పడిపోతుందని చెయ్యి చాపి, తాకకూడనిదాన్ని తాకి చనిపోయినవాడి కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. అతనూ మంచి ఉద్దేశంతోనే చాపాడు.

రేకుల మందిరం

మధ్యాహ్నం లేయమ్మ గంట కొట్టి అందరినీ పిలిచింది. పాతికమంది వచ్చారు. నేను ముందు నిలబడి చెప్పాను. పాటలో తప్పు లేదని, యంత్రం ఆగిపోతే తెలియక చెయ్యెత్తానని, పదకొండు పాటలు నా అజాగ్రత్తవల్లే నీళ్ళపాలయ్యాయని, క్షమించమని. లేయమ్మ సవరలో తిప్పి చెప్పింది.  తర్వాత తాత లేచి నా దగ్గరికి వచ్చి, నా కుడిచెయ్యి పట్టుకుని, తన భుజం ఎత్తుకి లేపి, మెల్లగా కిందికి దింపాడు. దింపడమంటే అదే.

"మిషిను ఆగితే సెప్పొద్దు. నాను ఆగను" అన్నాడు.

పన్నెండో పాటతో మొదలుపెట్టాడు. ఆ రోజు పాడిన అయిదో పాట దగ్గర రేకుల మీద చినుకులు పడ్డాయి. చూస్తుండగానే వాన జోరందుకుంది. తెర మీద గీత అంతా వాన చప్పుడే. ఆపి, వాన వెలిశాక మళ్ళీ పాడమనాలని చెయ్యి లేవబోయింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. తాత వానకంటే గొంతు పెంచాడు. కప్పు కారి ఒక ధార యంత్రం మీద పడుతోంది. ఎవరమూ జరపలేదు. అది వింటూనే ఉంది.

ఆ మధ్యాహ్నమూ, ఆదివారం ఆరాధన తర్వాతా, మొదటి బ్యాటరీ పోతే రెండోది పెట్టి, ముప్పై నాలుగు పాటలు పట్టాం. మిగిలినవి ఆయనకే గుర్తు రాలేదు. రెండు పెన్‌డ్రైవ్‌ల మీద కాపీ చేసి, ఒకటి లేయమ్మకి ఇచ్చాను. సోమవారం తాతని విశాఖ తీసుకెళ్ళారు.

మొన్న మళ్ళీ కొండెక్కాను. ఆపరేషన్ బాగానే జరిగింది. మాట రాలేదు. మెడకి కట్టుతో తాత ముందు వరసలో కూర్చున్నాడు. అందరూ అడిగితే యంత్రం తెరిచి, వానలో పాడిన పాట పెట్టాను. పసుపు గీతల పక్కనుంచి ఆయన గొంతు లేచింది. రెండో చరణంలో తాత కుడిచెయ్యి పైకెత్తాడు.

మందిరమంతా బిగుసుకుపోయింది. లేయమ్మ నా వైపు చూసింది. ఆపడానికి నా వేలు మీట మీద పెట్టాను. పాటలో తప్పేదో ఆయనకే వినబడిందా, తన గొంతు తానే వినలేకపోతున్నాడా, తెలియలేదు.

అప్పుడు ఎడమచెయ్యి కదిలింది. ఆపరేషన్ అయిన వైపు అది, భుజం ఇంకా సరిగా లేవదు. మెల్లగా పైకి లేచి, కుడిచేతి పక్కదాకా వచ్చింది.

నేను మీట మీద నుంచి వేలు తీశాను.